కిరీటం ఎత్తుకుపోయినవాడి మునిమనవరాలు

మా దీవిలోని లోంబా నోవ ఊళ్ళో ప్రతి కుటుంబానికీ రెండు పేర్లుంటాయి. చర్చి పుస్తకంలో ఒకటి, జనం నోట్లో ఒకటి. పుస్తకం ప్రకారం ఇదలీనది సిల్వైర వంశం. జనం నోట్లో మాత్రం వాళ్ళు కిరీటమోళ్ళు. బయటివాళ్ళు ఆ మాట విని ఏ రాజుల సంతతో అనుకుంటారు. అంత వైభోగం లేదు. పద్దెనిమిది వందల యాభై ఎనిమిదిలో ఆ వంశంలో మతేవుష్ అనే ఆయన ఊరి పరిశుద్ధాత్మ సంఘం వాళ్ళ వెండి కిరీటాన్ని ఎత్తుకుని, తిమింగలాలు వేటాడే అమెరికా ఓడెక్కి పారిపోయాడని చెప్పుకుంటారు. ఆ పేరు అలా అంటుకుంది. మా దీవిలో నాచు వదులుతుంది గానీ పేరు వదలదు.

ఈస్టర్ తరవాత ఏడు వారాలపాటు, దాని బదులు చేయించిన కిరీటం పరిశుద్ధాత్మకి గుర్తుగా వారానికో ఇంట్లో కొలువుంటుంది. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఆ వారం చర్చితో సమానం. గోడలకు సున్నం, మెట్లు మెట్లుగా పూల పీఠం, రోజూ సాయంత్రం జపమాల, వచ్చినవాళ్ళందరికీ తియ్యరొట్టె. వచ్చే ఏడాది ఆ ఏడు ఇళ్ళూ ఏవో ఈ ఏడాది ఆ వారాలు ముగిశాక వచ్చే త్రిత్వ ఆదివారం నాడు చీటీలు తీసి తేలుస్తారు. ఊళ్ళో ఎవరైనా టోపీలో చీటీ వేసుకోవచ్చు, కిరీటమోళ్ళు తప్ప. ఈ మాట ఏ నిబంధనలోనూ రాసి లేదు. రాసి లేని నిబంధనకే ఇక్కడ బలం ఎక్కువ.

ఇదలీన తల్లి కుష్టోదియకి ఆ చీటీ ఊరికే కావలసి రాలేదు. పంతొమ్మిది వందల ఎనభయ్యో సంవత్సరం జనవరి ఒకటో తారీఖున భూమి కంపించినప్పుడు ఇదలీన పశువుల కొట్టంలో ఉంది. రాతిగోడ ఆమె మీద కూలింది. కుష్టోదియ చేతులతో రాళ్ళు లాగుతూ, "నా బిడ్డని బయటికియ్యి తండ్రీ, నీ కిరీటాన్ని వారం రోజులు నా ఇంట్లో పెట్టుకుని ఊరికంతటికీ అన్నం పెడతాను" అని పెద్దగా మొక్కింది. బిడ్డ బతికింది. ఎడమకాలు కాస్త ఈడుస్తుంది, అంతే. మొక్కు మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళుగా అలాగే ఉండిపోయింది. ఏటా కుష్టోదియ చీటీ రాసి పంపడం, సంఘం పెద్ద అమాన్సియు దాన్ని మర్యాదగా తిప్పి పంపడం.

ఇప్పుడామెకి ఎనభై నాలుగు. పోయిన శీతాకాలం ఊపిరితిత్తుల జబ్బు చేసి, చావు గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది. మొక్కు తీరకుండా పోయినవాళ్ళ ఆత్మకి విశ్రాంతి ఉండదని, ఎవరో ఒకరు తీర్చేదాకా ఇంటి చుట్టూ తిరుగుతుందని మా వాళ్ళ నమ్మకం. జ్వరంలో ఆమె కూతురి చెయ్యి పట్టుకుని, "నన్ను కుక్కలాగా వాకిట్లో తిరగనివ్వకే" అంది. ఆ మాట ఇదలీన గుండెలో మేకులా దిగింది.

ఇదలీనకి చీజ్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్కేళ్ళు చీజ్ చక్రాలు తిప్పడం తప్ప వేరే చదువు లేదు. రిటైరయ్యాక కాలక్షేపానికి పాతకాలపు చేతిరాత చదవడం నేర్చుకుంది. కెనడా నుంచీ కాలిఫోర్నియా నుంచీ మనవలు, మునిమనవలు ఉత్తరాలు రాసేవాళ్ళు, మా తాత పుట్టింది ఏ ఇంట్లో, మా ముత్తవ్వ ఎవరి కూతురు అని. వెతికి పెట్టేది. ఊరందరి తాతల్నీ తవ్వి తీసింది గానీ తన మతేవుష్ జోలికి పోలేదు. సిగ్గు. జ్వరంలో తల్లి అన్న మాట తరవాత సిగ్గు పక్కన పెట్టి మొదలుపెట్టింది.

మే నెలలో దొరికింది. ఊరి పాదిరీ ఎలోయ్ గారి ఇంట్లో, చెదలు తినగా మిగిలిన బీరువాలో. ఈస్టర్‌కి ముందరి తపస్సు కాలంలో తమ పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం ఎవరు చేశారు, ఎవరు ఎగ్గొట్టారు అని అప్పటి పాదిరీ ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న జాబితా, పద్దెనిమిది వందల యాభై ఎనిమిదోది. మతేవుష్ పేరు పక్కన గడి ఖాళీ. ఆ పక్కన చిన్నగా "ఊళ్ళో లేడు" అని ఉంది. ఇదలీన మూడుసార్లు చదివింది. కిరీటం పోయిందంటున్నది ఏడోదైన పెంతెకోస్తు వారంలో. తపస్సు కాలం అంతకు ముందే అయిపోతుంది. అప్పటికే ఊళ్ళో లేని మనిషి కిరీటం ఎలా ఎత్తుకుపోతాడు?

ఆమె ఆగలేకపోయింది. పెంతెకోస్తు ఆదివారం మధ్యాహ్నం, రొట్టె ముక్కల మీద మాంసం పులుసు పోసి పుదీనా వేసిన విందు ముగిసి, జనం ఇంకా బల్లల దగ్గరే ఉండగా, పుస్తకం చంకన పెట్టుకుని సంఘం హాల్లోకి నడిచింది. చీటీలు తీయడానికి సరిగ్గా వారం ఉంది.

అమాన్సియుకి డెబ్బై తొమ్మిదేళ్ళు. మాట నెమ్మది. చెప్పిందంతా విని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"ఏదమ్మాయ్, ఇలా ఇయ్యి."

పేజీ చూశాడు. వేలికి తడి చేసుకుని ఇంకో పేజీ తిప్పాడు. ఇంకోటి. తల ఎత్తకుండానే అడిగాడు.

"మతేవుష్ అమెరికాలో ఉన్నాడంటావు?"

"ఊళ్ళో లేడని పాదిరీ గారే రాశారు కదా బాబాయ్!"

"రాశాడు. ఇదుగో, మా ముత్తాత కూడా ఊళ్ళో లేడు. ఆయన పెళ్ళామూ లేదు. పక్కింటి బార్సెలోష్ వాళ్ళు తొమ్మిదిమంది, ఒక్కరూ లేరు. అంతా కట్టగట్టుకుని అమెరికా పోయారా?" పుస్తకం బల్ల మీద పెట్టాడు. "తపస్సు కాలంలో పశువుల్ని తోలుకుని కింద ఒడ్డున ఉన్న ఫజాన్‌కి దిగేవాళ్ళు కదమ్మా, గడ్డి కోసం. నువ్వు పుట్టి పెరిగింది ఈ ఊళ్ళో కాదూ? చిన్నప్పుడు మీ నాన్న నిన్ను గంపలో పెట్టుకుని దిగేవాడు, నేను చూశాను."

హాలంతా ఘొల్లుమంది. వెనక నుంచి ఎవడో, "పుస్తకాలు చదివి చదివి ఫజాన్ దారి మర్చిపోయింది పాపం!" అన్నాడు. ఇంకొకడు అందుకుని, "కిరీటమోళ్ళకి దారి గుర్తుండేది ఓడ దాకానే లెద్దూ" అన్నాడు. మళ్ళీ నవ్వు.

ఇదలీన పుస్తకం తీసుకుని బయటికొచ్చింది. చెవులు మండుతున్నాయి. అమాన్సియు మీద కోపం రాలేదు, తన మీదే వచ్చింది. ప్రతి చలికాలం కొండ దిగి సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఇరుకు పల్లంలో, తేమ కంపు కొట్టే రాతి ఇంట్లో, ఉడికించిన చేమదుంపలు తిని పెరిగిన మనిషి ఆమె. బయటివాడు చేయాల్సిన పొరపాటు తను చేసింది. పేర్ల కోసం వెతికి వెతికి, ఆ పేర్లకి కాళ్ళుంటాయని మర్చిపోయింది.

ఇంట్లో తల్లికి చెప్పక తప్పలేదు. కుష్టోదియ నవ్వలేదు, తిట్టలేదు.

"ఫజాన్‌లో ఉంటే పాపసంకీర్తనం ఎగ్గొట్టినట్టా? పాదిరీ అక్కడికే దిగేవాడు. అక్కడి చిన్న గుళ్ళో కూర్చుని అందరిదీ వినేవాడు. ఆ లెక్క వేరే రాసేవాళ్ళని మా మామ్మ చెప్పేది. పుస్తకం చివర చూశావా?"

చూడలేదు. పుస్తకం మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున్నే పాదిరీ ఎలోయ్ గారి తలుపు తట్టింది.

చివరి ఆకులు తేమకి అతుక్కుపోయి ఉన్నాయి. పాదిరీ గారు వంటింట్లోంచి వెన్న రాసే కత్తి తెచ్చిచ్చారు. ఇదలీన ఒక్కో ఆకునీ కత్తి అంచుతో విడదీసింది. అక్కడ మతేవుష్ పేరు లేకపోతే ఆయన నిజంగానే అప్పటికి దీవి వదిలేసినట్టు. ఉంటే ఇక ఆశ లేదు. లేకపోవాలని లోపల జపం చేసుకుంటూ చదివింది.

ఉంది. మతేవుష్, భార్య, ఏడాది పిల్ల. పాపసంకీర్తనం చేశాడు, దివ్యసత్ప్రసాదం తీసుకున్నాడు. శుభ్రమైన పొడుగాటి అక్షరాల్లో రాసి ఉంది.

"ఇంకేముంది ఫాదర్" అంది ఇదలీన. "ఉన్నాడు. కిరీటం పోయినప్పుడు ఇక్కడే ఉన్నాడు."

పాదిరీ గారు పక్క దీవి మనిషి, ఈ ఊరికొచ్చి రెండేళ్ళే అయింది. ఏమనాలో తెలియక, "కాఫీ తాగుతావా?" అన్నారు. తాగకుండానే వచ్చేసింది.

మంగళవారం, బుధవారం ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. గురువారం నాడు కుష్టోదియ బీన్స్ ఒలుస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"అమాన్సియు వాళ్ళ తాత మంచివాడే. ముసలాయన. నేను ఎనిమిదేళ్ళ పిల్లని. ప్రతి మట్టల ఆదివారం మా మామ్మ గుమ్మంలోకి కొమ్మ తెచ్చి పెట్టేవాడు. దీవించమని తల వంచేవాడు. ఊళ్ళో ఎవరికీ టోపీ తీయని మనిషి మా మామ్మ ముందు తీసేవాడు. మేమేమో కిరీటమోళ్ళం. ఎందుకొస్తాడమ్మా అని అడిగితే, నీకెందుకే, నోర్మూసుకో అనేది మామ్మ. మంచివాడు."

ఇదలీన చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"అమ్మా, మట్టల ఆదివారం కొమ్మ ఎవరు ఎవరికి తెస్తారు?"

"జ్ఞానబిడ్డలు, జ్ఞానస్నానంలో తమని ఎత్తుకున్న జ్ఞానతండ్రికి తెస్తారు. ఆయన లేకపోతే ఆయన ఇంటికి తెస్తారు. ఆ మాత్రం తెలీదా?"

"మరి ఆయన మీ మామ్మ ఇంటికి ఎందుకు తెచ్చాడు?"

కుష్టోదియ చెయ్యి సగం ఒలిచిన బీన్స్ కాయ మీద ఆగిపోయింది. మామ్మ అంటే మతేవుష్ కూతురు. జాబితాలో ఉన్న ఆ ఏడాది పిల్ల.

"ఈ మాట నాకు ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా!"

"నువ్వడిగావా? నువ్వు పుస్తకాల్ని అడుగుతావు గానీ నన్నెప్పుడడిగావు?"

ఇదలీన సంచీ అందుకుని బయల్దేరింది. పట్నం బస్సు ఇంకో పావుగంటలో ఉంది. లైబ్రరీలో కంప్యూటర్ మీద పాత జ్ఞానస్నానాల పుస్తకాల ఫొటోలు చూడొచ్చు. ఇన్ని నెలలుగా ఆమె ఆ పుస్తకాల్లో తన వాళ్ళ పుట్టుకలే చూసింది. పూర్వీకుల్ని వెతికేవాళ్ళందరూ చేసే పనే అది. మనిషి తన ఇంటి పేజీల్లోనే ఉంటాడనుకుంటారు. జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు మాత్రం ఊరివాళ్ళ పేజీల్లో ఉంటాడు, వాళ్ళ బిడ్డని ఎత్తుకుని.

అమాన్సియు వాళ్ళ తాత జ్ఞానస్నానం అదే యాభై ఎనిమిదిలో, ఆగస్టు పదిహేనున జరిగింది. జ్ఞానతండ్రి, మతేవుష్ సిల్వైర. "ఇక్కడే హాజరై ఉన్నాడు, రాయడం రాదు గనక శిలువ గుర్తు పెట్టాడు" అని పాదిరీ రాశాడు. కింద శిలువ గుర్తు ఉంది. ఒక గీత కాస్త వంకరగా ఉంది.

ఇదలీన ఆ గుర్తు మీద వేలు పెట్టి ఏడ్చింది. లైబ్రరీ పిల్ల కంగారుపడి నీళ్ళు తెచ్చింది. మే నెలలో కిరీటం దొంగిలించి పారిపోయాడన్న మనిషి ఆగస్టులో చర్చిలో, అదే పాదిరీ ఎదుట, చంటిబిడ్డని ఎత్తుకుని నిలబడ్డాడు. అదీ ఎవరి బిడ్డని? పరిశుద్ధాత్మ కిరీటం దొంగిలించినవాడి చేతిలో ఏ తండ్రైనా బిడ్డని పెడతాడా?

ఈసారి ఆమె హాలుకి పోలేదు. శనివారం పొద్దున కాగితం జేబులో పెట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ అమాన్సియు పచ్చిక దాకా ఎక్కింది. ఆయన హైడ్రాంజియా కంచె పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఆవు పాలు పితుకుతున్నాడు. కాగితం చేతికిస్తే తీసుకోలేదు. దూరం నుంచే చూశాడు. పాలధార ఆగింది.

"ఎక్కడ దొరికింది?"

"మీ తాత పేజీలో. నీకు తెలుసు కదా బాబాయ్?"

ఆయన ఆవు పొట్టకి నుదురానించాడు. ఆ తరవాత మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఆ ఏడాది ఆలుగడ్డకి తెగులు పట్టింది. మొక్కజొన్న ఎండిపోయింది. జూన్‌లో పిల్లలు చనిపోతుంటే సంఘంలో పంతొమ్మిది మంది కూర్చుని కిరీటాన్ని ఒక ఓడ కెప్టెన్‌కిచ్చి గింజలు తీసుకున్నారు. పెంతెకోస్తు వారం నుంచీ కిరీటం మతేవుష్ ఇంట్లోనే ఉంది గనక ఆయన చేతుల మీదుగానే తెచ్చిచ్చాడు. సెప్టెంబరులో మతేవుష్ ఓడెక్కి వెళ్ళిపోయాడు, అందరు కుర్రాళ్ళలాగే, తిండి కోసం. అక్టోబరులో సంఘం వెండి లెక్క చూడటానికి సర్కారు మనిషి వచ్చాడు. దేవుడి కిరీటం అమ్ముకున్నామని చెబితే జైలు.

"ఊళ్ళో లేనివాడు ఒక్కడే ఉన్నాడు" అన్నాడు అమాన్సియు. "పెంతెకోస్తులోనే ఎత్తుకుపోయాడని ఆయన మీద పెట్టారు. కిరీటం అమ్మి గింజలు తీసుకున్నామని పంతొమ్మిది మందీ సంతకాలు పెట్టిన కాగితం ఒకటి, సంఘం పెద్ద నుంచి పెద్దకి చేతులు మారుతూ వస్తోంది. నా పెట్టెలో ఉంది. మా ముత్తాత సంతకం అన్నిటికన్నా పైన ఉంది. మా తాతకి తెలిశాక, పోయేదాకా ఏటా మీ గడపకి కొమ్మ తెచ్చి పెట్టాడు. అంతకుమించి నోరు తెరవలేదు."

"మరి నువ్వు? ఇరవై తొమ్మిదేళ్ళు మా అమ్మ చీటీ తిప్పి పంపావు! ఆవిడ దేనికి మొక్కిందో తెలిసీ!"

"ఒకసారి తీసుకుంటే ఎందుకు తీసుకున్నావంటారు. అప్పుడు చెప్పాలి. ఊళ్ళో సగం ఇళ్ళు ఆ పంతొమ్మిది మందివేనమ్మా." ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "రేపు తీసుకుంటాను. కాలం మారింది, పాత కక్షలెందుకు అని నేనే అంటాను. నా మాట ఎవరూ కాదనరు. మీ అమ్మ మొక్కు తీరుతుంది. ఆ కాగితం మాత్రం నీ జేబులోనే ఉండనియ్యి."

ఇదలీనకి జ్వరంలో ఉన్న తల్లి చెయ్యి గుర్తొచ్చింది. నూట యాభై ఏళ్ళ కింద పోయినవాడు ఎటూ పోయాడు. ఇంట్లో ఉన్న మనిషి వచ్చే శీతాకాలం చూస్తుందో లేదో.

"సరే" అంది.

దిగి వస్తుంటే మనసు తేలికవుతుందనుకుంది. అవలేదు. ఇంటికి రాగానే చెప్పింది, ఒక్క మాటా దాచకుండా. చీటీ తీసుకుంటానన్నాడన్న దగ్గర కుష్టోదియ కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంది. తరవాతి మాట విని కళ్ళు తెరిచింది.

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"ఎందుకన్నావు?"

"నీ కోసం కాదూ! నువ్వే కదా అన్నావు, కుక్కలాగా తిరగనివ్వకు అని!"

"అన్నాను. ఇప్పటికీ భయమే." ముసలావిడ కర్ర పట్టుకుని లేచి నిలబడింది. "మా మామ్మకి తండ్రి మొహం గుర్తుండేది కాదే. దొంగ కూతురనిపించుకునే పెరిగింది, దొంగ కూతురనిపించుకునే పోయింది. పంతొమ్మిది మంది కలిసి ఆయన్ని దొంగని చేశారు. నువ్వు ఇరవయ్యోదానివవుతావా? నేను ఇరవై ఒకటోదాన్నా? అలా తెచ్చుకున్న కిరీటాన్ని నా ఇంట్లో ఎక్కడ పెట్టను, ఏ మొహంతో మొక్కను?"

"మరి మొక్కు?"

"మొక్కు నాది. తిరిగితే నేను తిరుగుతాను."

ఆ మాటన్నప్పుడు ఆమె చెయ్యి జపమాల మీదికి పోయింది. ఇదలీన చూసింది.

త్రిత్వ ఆదివారం హాలు కిక్కిరిసింది. బల్ల మీద కిరీటం ఉంది. పాతది పోయాక ఊరంతా చందాలేసుకుని చేయించినది. పక్కన నల్ల టోపీ, అందులో మడిచిన చీటీలు. కుష్టోదియ కూతురి భుజం ఆసరాతో లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఎనభై నాలుగేళ్ళలో ఆమె ఆ హాల్లో కాలు పెట్టడం అదే మొదలు. ఎవరో కుర్చీ జరిపారు. కూర్చోలేదు.

అమాన్సియు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడాది కుష్టోదియక్క చీటీ కూడా వేద్దామని నా ఉద్దేశం. కాలం మారింది. పాత కక్షలు..."

"ఒరేయ్ అమాన్సియూ, ఆగు."

అమాన్సియు ఆగాడు. చిన్నప్పుడు ముక్కు తుడిచిన మనిషి ఒరేయ్ అంటే ఏ పెద్దైనా ఆగాల్సిందే.

"కక్ష ఎవరికిరా? నాకా? నీ పెట్టెలో కాగితం ఉంది. తీసి చదువు. చదివాక నా చీటీ వెయ్యి. చదవలేవా, నా చీటీ నాకిచ్చెయ్. మొక్కు తీరకుండానే పోతాను. పోయి మా ముత్తాతతో చెబుతాను, నీ మీద ఇంకో అబద్ధం వేసి రాలేదయ్యా అని."

ఇదలీన జేబులో కాగితాన్ని పట్టుకుని ఉంది. అవసరమైతే తనే చదువుదామనుకుంది గానీ, అందులో ఉన్నది ఒక్క శిలువ గుర్తు. అసలు కాగితం ఆయన దగ్గరుంది. ఆయన కాదంటే ఎవరూ ఏమీ చేయలేరు. వెనక నుంచి, "ఏం కాగితం?" అన్నారు. "ఏంటి బాబాయ్, ఏం కాగితం?" అని ఇంకొకరు. అమాన్సియు చేతులు బల్ల మీద ఆనించి నిలబడ్డాడు. ఒక నిమిషం గడిచింది. అంత పొడుగు నిమిషం ఇదలీన రాళ్ళ కింద కూడా చూడలేదు.

ఆయన మెడలో తాడుకున్న తాళంచెవి తీసి, బల్ల కింద ఉన్న పెట్టె తెరిచాడు.

కాగితం చిన్నది. చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తరవాత సంతకాలు. మొదటిది చదివేముందు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "జొవాకింగ్ బ్రజీల్. మా ముత్తాత" అని, తనే చెప్పాడు. ఆ తరవాత ఒక్కో పేరూ చదువుతుంటే హాల్లో ఒక్కో బల్ల దగ్గర ఎవరో ఒకరు తల దించుకున్నారు. బార్సెలోష్, గుల్యార్త్, మషాదు, ఆవిల. కిందటి ఆదివారం ఫజాన్ దారి గురించి ఎగతాళి చేసినవాడు ఆవిల మనవడే. పంతొమ్మిదో పేరు అయ్యాక అమాన్సియు కాగితం మడిచాడు. పాదిరీ ఎలోయ్ గారు మెల్లగా లేచి, పోయిన సంఘ సభ్యుల పేర్లలో ఇన్నేళ్ళుగా చదవని పేరు ఒకటుందని, దానికి ఇప్పుడు ప్రార్థన చేద్దామని అన్నారు. అందరూ నిలబడ్డారు. మతేవుష్ సిల్వైర పేరు ఆ హాల్లో దొంగ అన్న మాట లేకుండా వినపడింది. ఇదలీన ప్రార్థన మాటలు మర్చిపోయింది. కుష్టోదియ మర్చిపోలేదు, అందరికన్నా గట్టిగా చెప్పింది.

అప్పుడు అమాన్సియు చీటీని కుష్టోదియ చేతికే ఇచ్చాడు. ఆమె దాన్ని టోపీలో వేసి, మిగతా చీటీల అడుక్కి తోసింది.

చీటీలు తీశారు. మొదటి వారం బార్సెలోష్ వాళ్ళకి. రెండు, మూడు, నాలుగు. ప్రతి చీటీ విప్పుతుంటే ఇదలీన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అయిదు, ఆరు. తల్లి పేరు రాలేదు. టోపీలో ముప్ఫై పైన చీటీలున్నాయి, రాకపోవడం వింత కాదు. వింత కాదని తనకి తను చెప్పుకుంది. ఏడోది, పెంతెకోస్తు వారం. అన్నిటికన్నా గొప్ప వారం అది. కొందరు జీవితమంతా ఎదురు చూసి కూడా పొందలేదు. పాదిరీ గారు విప్పి చదివారు.

"అమాన్సియు బ్రజీల్."

అమాన్సియు చీటీ తీసుకున్నాడు. తరవాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తలమీద టోపీ తీసి, కుష్టోదియ ముందు తల వంచాడు.

"మా తాత జ్ఞానతండ్రి ఇంటికి" అన్నాడు. "ఈ వారం మీది అక్కా. దీవించు."

కుష్టోదియ ఆ నెరిసిన తల మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చాలాసేపు తీయలేదు. అందరూ ఆమె ఏడుస్తుందనుకున్నారు.

"ఏడో వారమా?" అంది. "ఏం, మొదటి వారంవాళ్ళ మనసు కరగలేదా? పెంతెకోస్తు ఎప్పుడొస్తుందిరా సన్నాసీ, ఇంకా ఏడాదుంది! అప్పటిదాకా నన్నెవరు బతికిస్తారు, నువ్వా?"

హాలు మొత్తం పగలబడి నవ్వింది. అమాన్సియు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "రోజూ పాలు తెచ్చి పోస్తా అక్కా" అన్నాడు.

ఇదలీన నవ్వలేదు. మధ్యలో ఒక శీతాకాలం ఉంది. పోయిన శీతాకాలం ఎలా గడిచిందో ఆమెకి తెలుసు. తల్లి మొహం వైపు భయంభయంగా చూసింది. కుష్టోదియ అప్పటికే కర్ర టకటకలాడించుకుంటూ గుమ్మం వైపు నడుస్తోంది.

"రా, ఏం చూస్తున్నావు! ముందుగది గోడకి చెమ్మ పట్టి ఉంది. సున్నం రేపే నానబెట్టాలి. నాకిప్పుడు చావడానికి తీరిక లేదు."